పెద్దక్క ఇంట్లో పొగ మానిన రోజులు

పెద్దక్క పోయిందన్న కబురు నేను నిచ్చెన మీద ఉండగా తెలిసింది. చోడవరం బస్టాండు దగ్గర ఒక కిళ్ళీకొట్టుకి కొత్త బోర్డు రాస్తున్నాను. కింద కొట్టతను ఎవరితోనో అంటున్నాడు.

"ఎనక సందులో ఆ మాడా ముసల్ది పోయిందట, తెల్లారగట్ల."

"ఎవులు, ఆ పొడుగుదేనా?"

"ఆఁ, అదే. మరింక మన ఈది సుబ్బరపడతాది."

విన్నతను కాండ్రించి ఉమ్మాడు. ఆ ఉమ్ము నా నిచ్చెన కాలి పక్కన పడింది. నేను దిగలేదు. చెయ్యి ఆపలేదు. రాస్తున్న అక్షరానికి తలకట్టు మిగిలి ఉంటే అది పూర్తి చేశాను. కిందికి దిగి బ్రష్షు కిరసనాయిల్లో కడుగుతుంటే కొట్టతను నాతో కూడా అన్నాడు, "ఇన్నావా, మాడాది పోయిందట" అని. నేను తల ఊపాను. ఎవరో తెలియనట్టే ఊపాను. ఆ ఊపిన తల మీద నాకు పుట్టిన రోత ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీలో చోడవరం బజారుకి వచ్చేవాళ్ళు ఆమెను చూసే ఉంటారు. చప్పట్లు కొడుతూ కొట్టు కొట్టుకీ తిరిగే హిజ్రాల గుంపులో అందరికన్నా వెనకాల, ద్వారబంధంలా నిటారుగా నడిచే మనిషి. నూలు చీర, పెద్ద బొట్టు, చేతిలో పాత సంచి. కొట్లవాళ్ళు చిల్లర ఆమె చేతిలో పెట్టేవాళ్ళు కాదు, చెక్క మీద పడేసేవాళ్ళు. వెళ్ళాక చెక్క తుడుచుకున్నవాళ్ళని కూడా చూశాను. ఆమెకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి, తను పెట్టుకున్న పేరు ఒకటి ఉండేవి. ఆ ఇంట్లో ఎనిమిది మందికీ, నాకూ ఆమె పెద్దక్క. అంతే చాలు.

నేను ఆ ఇంటికి ఎలా చేరానో చెప్పకుండా మిగతాది చెప్పలేను. నేను సైన్‌బోర్డులు రాసే పెయింటర్ని. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని ఊళ్ళో తలా ఒక కారణం చెప్తారు. అసలు కారణం నేను చెప్తున్నాను. నా మనసు ఆడవాళ్ళ మీదకి పోలేదు. ఒక మనిషి మీదకి పోయింది. అతను ఫ్యాక్టరీకి చెరుకు తోలే లారీ డ్రైవరు. సీజనులో లారీలు బారులు తీరి గంటలు గంటలు ఆగి ఉండేవి. ఆ నీడలో కూర్చుని ఇద్దరం ఒకే సిగరెట్టు కాల్చేవాళ్ళం. నేను అంతకుముందు పొగ ముట్టలేదు. ఒకరి పెదవికి తగిలింది ఇంకొకరి పెదవికి తగలాలంటే, అంతమంది మధ్య పట్టపగలు, మాకు ఉన్న దారి అదొక్కటే. అతను మూడో సీజనుకి పెళ్ళి చేసుకుని రావికమతం వైపు వెళ్ళిపోయాడు. సిగరెట్టు నా దగ్గర ఉండిపోయింది. రోజుకి రెండు పెట్టెలయింది.

పెద్దక్క ఇంటి ముందు గోడకి సున్నం వేయించుకోవడానికి నన్ను పిలిచారు. పని అయిపోయాక టీ ఇచ్చి నా ముఖంలోకి చూసి, "నీకు సెప్పుకోడానికి ఎవులూ లేరు కదేటి?" అంది. నేను ఏడ్చాను. అప్పటి నుంచి ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. వెనక గుమ్మం నుంచి వెళ్ళేవాణ్ణి. బజారులో వాళ్ళు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఒకసారి ఆమే అంది, "బజార్లో నన్ను సూసి తల తిప్పీసుకుంటన్నావు. తిప్పుకో, నీ కూడు నువ్వు తినాల. ఇంటికొచ్చి మాత్రం తిప్పకు."

ఆ ఇల్లు పొగలో ఉండేది. ఈ మాట అలంకారానికి అనడం లేదు. రెండు గదులు, ఒక వసారా, తొమ్మిది మంది. బీడీలు, సిగరెట్లు, చుట్టలు. పెద్దక్కది అడ్డపొగ. మన వైపు ఆడవాళ్ళు కాల్చినట్టే, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదవులు మూసుకుని కాల్చేది. చీడికాడ దగ్గర పల్లెలో వాళ్ళమ్మ అలాగే కాల్చేదట. "ఆడదాన్లాగ చుట్ట కాల్సడం మాయమ్మ దగ్గర నేర్సుకున్నాను. అది ఒక్కటే ఆవిడ నాకు కాదనకుండా ఇచ్చింది" అనేది. వసారా మూలల్లో నల్లటి ఉమ్ములు, బీడీ ముక్కలు, దానిమీద ఈగలు. మొదట్లో నేను సిగరెట్టు కాలుస్తూనే వాళ్ళ చుట్ట వాసనకి ముక్కు మూసుకునేవాణ్ణి. మనిషి రోత అలాంటిది. తనది తనకి కనపడదు.

అయితే ఇంకో సంగతి కూడా చూశాను. ఆ ఇంట్లో ఒక బీడీ వెలిగిస్తే నాలుగు నోళ్ళు తిరిగేది. ఊళ్ళో హోటల్లో వాళ్ళకి గ్లాసు వేరు, బయట కుండీ పక్కన బోర్లించి ఉండేది. పెళ్ళిళ్ళకి ఆడి పాడి వస్తే ఆకులో అన్నం గేటు బయట పెట్టేవాళ్ళు. వాళ్ళ ఎంగిలికి భయపడని నోరు వాళ్ళ నోరే. కొత్తగా ఎవరినైనా కన్నవాళ్ళు ఇంట్లోంచి తరిమేస్తే ఏడుస్తూ వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళ నోటికి ముందు ఒకరు తన నోట్లోని బీడీ తీసి అందించడమే ఆ ఇంటి ఆనవాయితీ. నువ్వు మాదానివి అని చెప్పడం అది. ఈ సంగతి తెలియకుండా ఆ ఇంట్లో ఎవరికైనా పొగ మానమని చెప్పడం వృథా.

అలా చెప్పిన పెద్దమనిషిని ఒకరిని చూశాను. ఐదారేళ్ళ కిందట ఒక బడిలో నోటి జబ్బుల క్యాంపు పెట్టారు. పట్నం నుంచి డాక్టరు వస్తున్నాడని మైకులో చెప్పారు. పెద్దక్క దగ్గర రోజా అని ఒక పిల్ల ఉండేది. ముప్ఫై నిండాయో లేదో. మంచి గొంతు. రోజా అంగిట్లో తెల్లటి మచ్చ లేచి, కారం తింటే మండుతోందంటోంది. దాన్ని చూపించడానికి పెద్దక్క ఐదుగురిని వెంటబెట్టుకుని బయల్దేరింది. క్యాంపులో బట్ట బోర్డులు రాసింది నేనే కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను, వాళ్ళకి దూరంగా, బల్లలు సర్దుతున్నట్టు నటిస్తూ.

పొద్దున్న తొమ్మిదింటికి వరసలో నిలబడ్డారు. మగవాళ్ళ వరసలోంచి తోసేశారు. ఆడవాళ్ళ వరసలోవాళ్ళు గొడవ చేశారు. చివరికి కుళాయి పక్కన, బురదలో నిలబెట్టి "మీరు ఆఖర్న" అన్నారు. ఒంటిగంట దాటాక పిలిచారు. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. గజం దూరం నుంచి టార్చి వేశాడు. రోజా నోరు తెరిచిందో లేదో, "ఏం లేదు, నోరు శుభ్రంగా కడుక్కోండి" అన్నాడు. ముట్టుకోలేదు. ముట్టుకోని చేతుల్ని డెట్టాలు నీళ్ళలో ముంచి, వాళ్ళు చూస్తుండగా, వేలు వేలూ తోముకున్నాడు.

తరవాత ఉపన్యాసం. గోడకి ఒక బొమ్మ తగిలించారు. మీసాలాయన, పక్కన భార్య, ఇద్దరు పిల్లలు. "మీ భార్యాబిడ్డల ముఖం చూసి పొగ మానండి. మీరు పోతే వాళ్ళకి దిక్కెవరు?" అన్నాడు డాక్టరు.

పెద్దక్క నెమ్మదిగా లేచింది. వెటకారం లేదు ఆమె గొంతులో, నేను ప్రమాణం చేసి చెప్పగలను. నిజంగానే అడిగింది.

"బాబూ, మాకు పెళ్ళాల్లేరు, పిల్లల్లేరు. మరి మేం ఎవుల మొకం సూసి మానాల?"

జనం గొల్లుమన్నారు. డాక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూ, "మీరు మానినా ఒకటే, మానకపోయినా ఒకటే" అన్నాడు. పక్కనున్నవాళ్ళకి ఆ మాట ఇంకా నచ్చింది. నేను కూడా నవ్వాను. నా పక్కవాడు నా వైపు చూస్తున్నాడు మరి.

ఆ సాయంత్రం వెనక గుమ్మం నుంచి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నేను నవ్వడం ఆమె చూసింది. ఆ ఊసే ఎత్తలేదు. చుట్ట వెలిగించుకోబోయి ఆపి, "ఆ బాబు సెప్పింది నిజఁవే కావాల్రా. మనం బతికినా ఒకటే, సచ్చినా ఒకటే" అని వెలిగించుకుంది.

ఎనిమిది నెలలకి రోజా నోరు పుండయింది. బుగ్గ బయటికి తూటు పడింది. విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే మగవాళ్ళ వార్డా, ఆడవాళ్ళ వార్డా అని అక్కడివాళ్ళు రెండు రోజులు వాదించుకుని, వరండాలో చాప మీద ఉంచారు. ముందే ఎందుకు తీసుకురాలేదని తిట్టారు. వారం తరవాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కన్నవాళ్ళకి కబురు పెడితే, మాకలాంటి బిడ్డ లేదని తిరిగి కబురొచ్చింది.

చూడ్డానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ వాసన గురించి రాయను. జేబురుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకున్నాను. లోపల పెద్దక్క రోజా తలని ఒళ్ళో పెట్టుకుని, వేలికి గుడ్డ చుట్టుకుని, పుండులోంచి తెల్లటి పురుగుల్ని ఒక్కొక్కటే తీస్తోంది. ఆమె ముక్కుకి ఏ గుడ్డా లేదు. నన్ను చూసింది.

"లోనికి రా. రోతగున్నాదేటి?"

నేను గుమ్మం దాటలేదు.

"రోత పుడితే పుట్టనీ. అది మన సేతిలో లేదు. దానికి కనపడకుండా సూసుకో. రుమాలు తీసీ, వచ్చి కూకో."

రుమాలు తీశాను. వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి రోజా చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. మాట రావడం లేదు దానికి. ఆ మాట రాని నోటి వైపు చూసి పెద్దక్క అంది, "ఇది వచ్చినప్పుడు పదేడేళ్ళది. మొదటి చుట్ట నా నోట్లోది తీసి దీనికి ఇచ్చేను. తిరగేసి పెట్టుకోవడం నానే నేర్పేను. దీన్నోట్లో నిప్పెట్టింది నానేరా."

రోజా పోయిన మూడో రోజు పెద్దక్క సంచిలోని చుట్టల కట్ట తీసుకెళ్ళి పెంటకుప్పలో పడేసింది. తగలబెట్టొచ్చు కదా అంటే, "ఆ పొగ కూడా నాకొద్దు" అంది. ఆ మర్నాటి నుంచి ఆమె పడ్డ బాధ అంతా ఇంతా కాదు. అందరి మీదా విరుచుకుపడేది. వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేది. మిగతావాళ్ళు ఆమె ముందు కాల్చడానికి భయపడి దొడ్లోకి వెళ్ళి కాల్చేవాళ్ళు. పదిహేను రోజులు అయ్యాక ఒక మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ బాబు మనం మానినా ఒకటే అన్నాడు. ఒకటి కాదు. రోజా పాట లేదు ఈ ఇంట్లో. అది నాకు ఒకటి కాదు. మీకు పెళ్ళాం పిల్లల్లేరు, నిజఁవే. పక్కనున్నదాని మొకం సూడండి. దాని మొకం సూసి మానండి."

అప్పుడు ఆమెకి తోడు దొరికింది ఒక నర్సమ్మ. ప్రభుత్వ ఉద్యోగి, ఇళ్ళకి తిరిగి టీకాలు వేసే మనిషి. రోజా చివరి రోజుల్లో ఎవరూ పిలవకుండానే కట్టు కట్టడానికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే చాప మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి, వాళ్ళ గ్లాసులో తాగింది. ఆ నీళ్ళు తాగడం గురించి ఆ ఇంట్లో వాళ్ళు వారం రోజులు చెప్పుకున్నారు. పొగ మానిపించే ఉపాయాలు నర్సమ్మకి కొన్ని తెలుసు. ఆ ఇంటి మనుషులు పెద్దక్కకి తెలుసు. ఇద్దరూ కలిసి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కూర్చోవడం మొదలుపెట్టారు. కార్యక్రమం అనే పేరు దానికి పెట్టలేదు. "శుక్రారం" అనేవాళ్ళు, అంతే.

నర్సమ్మ ముందు తన పుస్తకంలో ఉన్నట్టు చెప్పింది. పొగ తాగాలనిపిస్తే లేచి నడవండి, నీళ్ళు తాగండి, మంచి స్నేహితుల ఇంటికి వెళ్ళండి అని.

చిట్టి అని అందరిలోకీ నోరున్నది నవ్వింది. "ఎవులింటికి ఎల్లాలి నర్సమ్మా? మేం గుమ్మంలో నిలబడితే కుక్కని ఉసిగొలుపుతారు."

నర్సమ్మ పుస్తకం మూసేసింది. "అయితే మీరే సెప్పండి. బీడీ ఎప్పుడు కావాలనిపిస్తాది?"

వాళ్ళు చెప్పారు. ఒకరు కొట్టు దగ్గర తిట్టు తిన్నాక అన్నారు. ఒకరు గడ్డం గీసుకున్నాక అద్దంలో చూసుకున్నప్పుడు అన్నారు. ఒకరు అమ్మ గుర్తొచ్చినప్పుడు. చిట్టి మటుకు, పోలీసు చెంప మీద కొట్టాక, అంది. నర్సమ్మ రాసుకోవడం ఆపేసి వింది. పెద్దక్క ఒక్కొక్క దానికీ ఒక్కొక్క మందు వెతికింది. తిట్లు తిని వచ్చినప్పుడు మిగతా పని ఆపి, ఆ తిట్టినవాణ్ణి అందరూ కలిసి ఇంట్లో కూర్చుని తిరిగి తిట్టాలి. అద్దం ముందు ఒంటరిగా నిలబడకూడదు, ఇంకొకరు వచ్చి బొట్టు పెట్టాలి. నోరు మరీ పీకేసినప్పుడు చప్పట్లు కొట్టాలి.

"రెండు సేతులూ చప్పట్లకి పోతే బీడీ ఏ సేత్తో పట్టుకుంటావే?" అంది.

మొదటి వారం ఆ ఇంట్లో చప్పట్ల మోత ఆగలేదు. పక్కింటివాళ్ళు వచ్చి గొడవపెట్టారు. బీడీ నోటి నుంచి నోటికి తిరగడం పోయిన లోటు తీర్చడానికి పెద్దక్క పెద్ద ఇత్తడి గ్లాసుతో అల్లం టీ పెట్టేది. ఒకటే గ్లాసు. అందరూ దాంట్లోదే తాగాలి, నర్సమ్మతో సహా. పెదవి ఆనించకుండా ఎత్తిపోసుకుంటే ఒప్పుకునేది కాదు.

నా వంతుకి వచ్చింది బొమ్మ పని. క్యాంపులో చూసిన మీసాలాయన బొమ్మ పెద్దక్క మరిచిపోలేదు. "మా బొమ్మ గియ్యరా" అంది. లోపలి గది గోడ మీద, తొమ్మిది మంది కూర్చుని భోంచేస్తున్న బొమ్మ వేశాను, నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. మధ్యలో పెద్దక్క. ఒక పక్క రోజా కూడా, ఎర్ర చీరలో. గీయడం అయ్యాక పెద్దక్క వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది.

"నువ్వేవి?"

"నేనెందుకులే అక్కా."

"శుక్రారం శుక్రారం వచ్చి కూకుంటన్నావు. టీ తాగుతన్నావు. నువ్వు లేవేటి?"

ఎవరైనా చూస్తే నా గతేమిటని అన్నాను. ఇంటి లోపలి గది గోడ అది. ఎవరు చూస్తారు? అయినా నాకు భయమే. ఆమె నా రంగు చేతుల వైపు చూసి, "సరే, సెయ్యి ఒక్కటీ గియ్యి" అంది. బొమ్మ అంచున, అన్నం కంచంవైపు చాచిన చెయ్యి ఒకటి గీశాను. గోళ్ళ సందుల్లో రంగుతో సహా.

నేను సిగరెట్టు మానలేకపోయాను, అందరికన్నా ఆఖరివాణ్ణి. శుక్రవారాలు అయిపోగానే సందు దాటి వెలిగించేవాణ్ణి. ఒకరోజు పెద్దక్క నా వెనకాలే వచ్చింది. నేను దాచుకోబోతే వద్దంది.

"నువ్వు కాలస్తన్నది సిగరెట్టు కాదు. ఆడు పెళ్ళి సేసుకుని పోయేడు. నువ్వింకా ఆణ్ణి కాలస్తన్నావు" అంది. కాస్త ఆగి, "ఆడు నిన్ను ముట్టుకున్నాడని గుర్తు కావాలంటే నాకు సెప్పు. ఎన్నిసార్లయినా సెప్పు. ఇంటాను" అంది.

అతని పేరు అంతవరకు ఎవరి ముందూ నేను పలకలేదు. ఆ రోజు పలికాను. తరవాత ఎన్నో శుక్రవారాలు చెప్పాను, చెప్పిందే చెప్పాను. చిట్టి ఆవలించేది కూడా. ఎప్పుడు మానానో తేదీ నాకు గుర్తులేదు. ఒక రోజు జేబులో పెట్టె లేదని సాయంత్రానికి గమనించాను. పొగ బోర్డులు రాయడం మటుకు మానలేదు. కిళ్ళీకొట్లు, బుచ్చెయ్యపేట రోడ్డు గోడల మీద బీడీ ప్రకటనలు, నా తిండి అవే. పెద్దక్క దెప్పేది. అయినా రాసేవాణ్ణి. ఇప్పుడూ రాస్తున్నాను.

మంచి పని జరుగుతోందని నర్సమ్మ సంబరపడి పై అధికారికి చెప్పింది. అతను ఒకసారి వస్తే, ఆ బొమ్మ చూస్తే, ఇంకో ఊళ్ళో ఇలాంటివాళ్ళకి పనికొస్తుందని. అతని జవాబు నర్సమ్మ మాకు ఉన్నదున్నట్టు చెప్పింది. "ఊళ్ళో మామూలు జనానికి చెప్పడానికే మనకి తీరిక లేదు. వీళ్ళకి ప్రత్యేకంగా ఒకటా? డ్యూటీ టైములో ఆ కొంపకి వెళ్ళావంటే ఏజెన్సీకి బదిలీ చేస్తాను." నర్సమ్మ శుక్రవారం మానేసి ఆదివారం రావడం మొదలుపెట్టింది. ఏడాదిలో బదిలీ అయినా తప్పలేదు. వెళ్ళేముందు ఆ గ్లాసుతో టీ తాగి, ఏడ్చి వెళ్ళింది.

అందరూ మానేశారని అబద్ధం చెప్పను. ఇద్దరు మళ్ళీ మొదలుపెట్టారు. ఒకరు ఇల్లు వదిలి పట్నం వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు మానారు. చిట్టి మానింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ ఇంట్లో ఇప్పుడు బీడీ అందించరు. గ్లాసు అందిస్తారు. దీనికి వెనక ప్రభుత్వం లేదు, డాక్టరు లేడు.

పెద్దక్క ఊపిరితిత్తులు మాత్రం అప్పటికే చెడిపోయాయి. నలభై ఏళ్ళ పొగ. పోయిన చలికాలం నుంచి ఆయాసం. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. మానేసి ఏం బాగుపడిందని ఊళ్ళో అన్నారు. ఆమెతో ఆ మాట అంటే, "నా నోట్లోంచి ఇంకో పిల్లగుంట నోట్లోకి నిప్పు పోలేదు కదేటి" అంది.

ఆ రోజు కిళ్ళీకొట్టు నుంచి నేను నా గదికి వెళ్ళి, చొక్కా మార్చుకుని, ముందు గుమ్మం నుంచి ఆ ఇంటికి వెళ్ళాను. నర్సమ్మకి ఎలా తెలిసిందో, మధ్యాహ్నం బస్సుకి దిగింది. శ్మశానంలో పాతిపెట్టడానికి వీల్లేదని కొందరు అడ్డం తిరిగారు. చచ్చిపోయిన మనిషి ఆడదో మగదో తేల్చమన్నాడు ఒకడు. నవ్వాడు కూడా. నర్సమ్మ వాడి ముందుకి వెళ్ళి, "బాబూ, నీ పిల్లలకి టీకాలేసింది నేనే. నీ పెళ్ళాం పురుడు పోసింది నేనే. పక్కకి తప్పుకో" అంది. వాడు తప్పుకున్నాడు. చివరకి ఒక మూల, ముళ్ళకంప ఉన్న చోట చూపించారు.

పాడె మోయడానికి ఆ ఇంట్లో బలంగా ఉన్నవాళ్ళు ముగ్గురే. నాలుగో భుజం నాది. బజారు మధ్యలోంచే వెళ్ళాం, వేరే దారి లేదు. నేను బోర్డులు రాసిన కొట్లన్నీ వరసగా వచ్చాయి. జనం బయటికి వచ్చి తువ్వాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. వాసన ఏమీ లేదు. బంతిపూలు, పసుపు, అంతే. కిళ్ళీకొట్టు ముందు ఒకడు ఒక చేత్తో తువ్వాలు ముక్కుకి పట్టుకుని, ఇంకో చేత్తో బీడీ పట్టుకుని ఉన్నాడు. పొగ తువ్వాలు కిందనుంచి వస్తోంది. "ఒరే, ఆడు మన పెయింటరు కాడేట్రా?" అన్న మాట వినపడింది. అవును, నేనే. మర్నాడు ముగ్గురు బోర్డులు వద్దన్నారు. ఇది చదివాక ఇంకొందరు వద్దంటారు. అననివ్వండి.

పెద్దక్క నాకు ఇప్పుడు గుర్తొచ్చేది పాడె మీద కాదు. మానిన ఏడాది, చెరుకు కోతల రోజులు. బుచ్చెయ్యపేట వైపు ఒక పెళ్ళికి ఆడి తిరిగి వస్తున్నారు. నేను అక్కడ గోడ రాసి సైకిలు మీద వస్తూ కలిశాను. పొలంలో బెల్లం వండుతున్నారు. పెద్ద పెనంలో చెరుకు రసం ఉడుకుతోంది. పెద్దక్క నడుస్తున్నది ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇదేటి వాసనరా?"

"బెల్లం వాసన అక్కా."

"నలభై ఏళ్ళయిందిరా ఇది నా ముక్కుకి తెలిసి. చిన్నప్పుడు మాయమ్మతో ఎల్లేదాన్ని. నేనింకా, ఇప్పటి బెల్లానికి వాసన పోయిందనుకుంటన్నాను."

ఒక అడుగు పొలంలోకి వేసింది. పెనం దగ్గరున్న రైతు చూసి కర్ర ఎత్తి, "దూరం, దూరం, పాకం మైలపడిపోద్ది" అని అరిచాడు. చిట్టి చీర దోపుకుని తిరగబడబోయింది. పెద్దక్క దాని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊరుకోయే. ఇక్కడికీ వస్తంది" అంది.

గట్టు మీదే, రోడ్డు అంచున, కళ్ళు మూసుకుని నిలబడింది. సంచి కింద పెట్టింది. రైతు కర్ర దించలేదు. గాలి ఇటే వీస్తోంది. ఆమె తల కొంచెం పైకెత్తి, ఊపిరి నెమ్మదిగా లోపలికి తీసుకుని, చాలాసేపు వదలకుండా అలాగే ఉంచుకుంది.